ఎంత పరిగెత్తినా వేగం తగ్గుతోంది, ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. 800 మీటర్ల పరుగులో జిల్లా స్థాయికి వెళ్లింది. రెండు పూటలా ప్రాక్టీసే. నాలుగు నెలలుగా నెలసరి లేదు, వేగమూ తగ్గింది. కోచ్ ఇంకా కష్టపడాలంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు గైనకాలజిస్టుకు చూపించండమ్మా. ఆటలాడే పిల్లలకు ఇది మామూలేనని చాలామంది కొట్టిపారేస్తారు. కానే కాదు. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని తేలితే, తిండి సంగతి చూడాలి. పరుగుకు ఖర్చయ్యే శక్తికి తగ్గ ఆహారం అందకపోతే, మెదడు నెలసరి హార్మోన్లకు కళ్లెం వేస్తుంది, వేగమూ తగ్గుతుంది. ఈస్ట్రోజన్ తగ్గి ఎముకలు పలచబడతాయి, అదీ గట్టిపడాల్సిన వయసులో! ఈ శక్తి కొరత స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో 'రెడ్-ఎస్' అని పేరు పెట్టింది. మగపిల్లలకూ వస్తుంది.

ఖాళీ కడుపుతో గ్రౌండుకెళ్లి, ఆనక రెండిడ్లీలు నోట్లో వేసుకుని కాలేజీ బస్సెక్కే పిల్లలే ఎక్కువ. ప్రాక్టీసుకు ముందు అరటిపండు, అవ్వగానే పాలు, గుడ్లు ఇవ్వండి. మధ్యాహ్నం అన్నంలో పప్పు దండిగా వడ్డించండి. సన్నబడితేనే వేగమన్న మాట ఇంట్లో వినపడనీయకండి.

ఎముకలు పలచబడ్డాయేమోనన్న అనుమానంతో మోకాలి కింద ముందెముకను వేలితో నొక్కి చూడండి. ఒకేచోట చురుక్కుమంటే ఎముకలో సన్న పగులు (స్ట్రెస్ ఫ్రాక్చర్) కావచ్చు, వెంటనే పరుగు ఆపించండి. మొదట్లో ఎక్స్‌రేలో తెలియకపోవచ్చు, ఎమ్మారై కావాలి. ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. హిమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు.

గర్భనిరోధక మాత్రలతో నెలసరి తెప్పిస్తే అసలు లోపం మరుగున పడుతుందే తప్ప ఎముక బాగుపడదు. డాక్టరు రాసిచ్చిన చీటీతో కోచ్‌ను కలిసి, కొన్ని వారాలు ప్రాక్టీసు తగ్గించమనండి.