రూపకల్పనా విద్య – సంఘక్షేమము

వస్తువును కంటి కింపుగ దిద్దుటయే రూపకల్పన యని పలువురు తలంతురు. ఇంపు దానిలో నొక భాగము మాత్రమే. ఆ వస్తువును వాడువా రెవరు, చేయువా రెవరు, ముడిసరకు ఎచ్చట దొరకును, చేసినవాని కడుపు నిండునా — ఈ ప్రశ్నలే యీ విద్యకు ప్రాణము.

1958వ సంవత్సరమున అమెరికా రూపశిల్పులగు ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వము కోరికపై దేశమున సంచరించి యొక నివేదిక వ్రాసిరి. అందు వారు మిక్కిలి మెచ్చిన వస్తువు మన యింటి చెంబు! ఎన్ని నీళ్లు పట్టవలెను, నెత్తిపైనను నడుముపైనను ఎట్లు నిలువవలెను, వంచినపుడు ధార యెట్లు పడవలెను, తోముట సులభమా, వెల యెంత — వీని కన్నిటికిని తరతరముల జనులు కనుగొనిన సమాధానమే దాని యాకారము. ఆ నివేదిక ఫలితముగ 1961లో అహమ్మదాబాదున నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ అను విద్యాలయము వెలసెను.

ఈ విద్య బీదల కెట్లు తోడ్పడునో రాజస్థానమున అప్పటి అజ్మీరు జిల్లాలోని జవాజా వృత్తాంతము తెలుపును. అది కరవునేల. 1975లో ఆచార్య రవి మత్తాయి అచ్చట నొక ప్రయోగ మారంభించెను. పై విద్యాలయమును ఆయనతో చేయి కలిపెను. సంపద లేదన్న చోట జనుల నేర్పే సంపద యని ఆయన నమ్మెను. అచ్చటి తోలుపనివారికిని నేతపనివారికిని పని వచ్చును. కాని సంఘమున చిన్నచూపు, సంతలో తక్కువ వెల. ఉపాధ్యాయులును విద్యార్థులును వారి సరసను కూర్చుండి, పట్టణములలో చెల్లుబడి కాగల తోలుసంచులకును ఉన్ని తివాచీలకును రూపములు కల్పించిరి. అంతతో పని తీరలేదు. సరకు కొనుట, లెక్క వ్రాయుట, వెల కట్టుట, కొనువారితో మాటాడుట గూడ పనివారే నేర్చి, తమ సంఘమును తామే నడుపుకొనసాగిరి. నేర్పినవారు వెడలిన పిమ్మట పని నిలుచునా? ఇదియే యీ విద్యకు నిజమైన పరీక్ష.

మన కొండపల్లి బొమ్మల నెఱుగనివా రుండరు. అవి తేలికయైన తెల్లపొణికి కఱ్ఱతో చేయబడును. చెట్టు తరిగినచో ఎంత చక్కని రూపము కల్పించినను బొమ్మ నిలువదు, బొమ్మతో బ్రదుకు కుటుంబమును నిలువదు. కావున బొమ్మ గీయనేర్చిన విద్యార్థి చెట్టు నాటుటయు తన పాఠముననే చేర్చుకొనవలెను.

సోదర విద్యార్థులారా! కాగితముపై గీత గీయుటకు ముందు కుమ్మరి సారె యొద్దను, సాలెవాని మగ్గము నొద్దను కొంతసేపు కూర్చుండి ప్రశ్నింపుడు. ఆ ప్రశ్నలనుండి పుట్టిన రూపమే పదికాలములు నిలుచును.