నీలం నీటిదా, నింగిదా?

“సముద్రం ఎందుకు నీలంగా ఉంది?” అని పిల్లలు అడిగితే, “ఆకాశం అందులో ప్రతిబింబిస్తుంది కనుక” అని చెప్పి ఊరుకుంటాం. మేమూ ఏళ్ల తరబడి ఇలాగే చెప్పాం. ఈ జవాబులో నిజం కొంతే ఉంది.

ముందు ఆకాశం సంగతి చూద్దాం. తెల్లగా కనిపించే సూర్యకాంతిలో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. అది గాలిలోని అణువులను తాకి నలువైపులా చెదురుతుంది. తరంగం ఎంత పొట్టిదైతే అంత ఎక్కువగా చెదురుతుంది. 450 నానోమీటర్ల నీలికాంతి, 700 నానోమీటర్ల ఎర్రకాంతి కన్నా దాదాపు 6 రెట్లు ఎక్కువ చెదురుతుంది. అందుకే ఎటు చూసినా నీలం. మరి ఊదా ఇంకా ఎక్కువ చెదరాలి కదా? చెదురుతుంది. కాని సూర్యకాంతిలో దాని పాలు తక్కువ, మన కన్ను దాన్ని అంతగా పట్టదు కూడా.

మగ్రిబ్ వేళకు వెలుగు గాలిలో చాలా దూరం దాటి రావాలి. దారిలోనే నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఇషా వేళ కోసం మనం గమనించే పడమటి ఎర్రదనం ఇలా ఏర్పడేదే.

9వ శతాబ్దంలో అల్ కిందీ ఈ నీలం గురించే ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రాశారు. నీలం ఆకాశపు సొంత రంగు కాదని, గాలిలోని కణాల వెలుగు పైనున్న చీకటితో కలిసి అలా కనిపిస్తుందని ఆయన అభిప్రాయం. ఈ వివరణ పూర్తిగా సరైనది కాదు. అంతా మనవాళ్లే ముందు చెప్పేశారని గొప్పలు పోనక్కర్లేదు. కాని కంటికి కనిపించిందే నిజమనుకోకుండా ఆయన కారణం వెతికారు.

ఇక సముద్రం. దాని నీలం ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రేలే వంటి గొప్ప శాస్త్రవేత్తే భావించారు. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్ 1921లో ఓడ ప్రయాణంలో దీన్ని పరీక్షించారు. నీటి ఉపరితలం నుంచి ప్రతిబింబించే కాంతిని నికోల్ పట్టకంతో అడ్డుకుని చూశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది! అంటే ఆ రంగు నీటి లోపలి నుంచే వస్తోంది. నీటి అణువులు కాంతిని చెదరగొట్టడమే కారణమని ఆయన తేల్చారు. నీరు ఎరుపును మింగేయడం కూడా ముఖ్య కారణమని నేడు తెలుసు. లోతుకు దిగి, చెదిరి, తిరిగి పైకి వచ్చేది ఎక్కువగా నీలమే. గ్లాసులో అంత లోతు లేదు కనుక అక్కడ రంగు కనిపించదు. వరదల రోజుల్లో గోదావరి కలిసే చోట సముద్రం బురద రంగులో ఉంటుంది, పైన ఆకాశం నీలంగా ఉన్నా సరే.

ఆకాశం సంగతిని పిల్లలకు ఇంట్లోనే చూపవచ్చు. గాజు గ్లాసెడు నీళ్లలో కొన్ని చుక్కల పాలు కలిపి, చీకటి గదిలో తెల్లని టార్చి వేయండి. పక్క నుంచి చూస్తే లేత నీలి ఛాయ, గ్లాసు గుండా టార్చి వైపు చూస్తే పసుపు, నారింజ ఛాయ కనిపిస్తాయి. పాలు ఎక్కువైతే మాత్రం తెల్లదనమే మిగులుతుంది.