దూరమును గంటలలో కొలుచుట

“ఢిల్లీ ఎంత దూరము?” అని అడిగినచో “విమానములో రెండు గంటలు” అని నేడు పల్లెలలో సైతము చెప్పుచున్నారు. ఈ లెక్క ఎంతవరకు సరియైనదో మనము చూతము.

విమానమునకు వాగులు, గుట్టలు అడ్డురావు. దాని మార్గము దాదాపు సరళరేఖ. హైదరాబాదు నుండి ఢిల్లీకి ఆ రేఖపై సుమారు 1,250 కిలోమీటర్లు. విమానము దానిని రెండుంబావు గంటలలో దాటును. మిర్యాలగూడ నుండి నార్కట్‌పల్లి మీదుగా, 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయమునకు సుమారు 150 కిలోమీటర్లే. అయినను అందులకు మూడు గంటలు పట్టును. అచ్చట తనిఖీలకై రెండు గంటలు ముందుగా ఉండవలెను. వెరసి ఏడుంబావు గంటలు.

ఇక మన ఊరినుండి మిర్యాలగూడకు గల దారి మిగిలినది. అది 10 కిలోమీటర్లే కావచ్చును. వానకాలములో కల్వర్టు తెగినచో ఆ పదియే అన్నిటికంటె దూరమగును. విమానము తప్పినవాడు మరునాడు పోవచ్చును. ప్రసవవేదన పడు తల్లి మరునాటివరకు ఆగజాలదు.

కావున సభ్యులు తమ గ్రామపు దారిని నిమిషములలోను కొలువవలెను. వేసవిలో ఒకసారి, వానకాలములో ఒకసారి మిర్యాలగూడ ఆసుపత్రికి పట్టిన కాలమును వ్రాసి, ఆ తేడాను గ్రామసభలో చదివి వినిపింపుడు. ఆలస్యమైన చోటనే మొదట మరమ్మతు జరుగునట్లు చూడుడు.