పదో తరగతి వేసవి: ఎదిగే పిల్లల పట్ల మన బాధ్యత



ఏ ఏటికాయేడు ఈ సంచికలో ఎందరికి ఫీజులు కట్టాం, ఎందరికి పుస్తకాలిచ్చాం అన్న లెక్కలు మీ ముందు ఉంచుతున్నాం. ఈసారి ఆ లెక్కల్లోకి రాని ఒక సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది. ఫీజు కట్టిన తరువాత కూడా కొందరు పిల్లలు చదువు మధ్యలో ఆగిపోతున్నారు. వారి ఇళ్లకు వెళ్లి కూర్చుని మాట్లాడితే, చాలా చోట్ల డబ్బు కంటే ముందు తెగిపోయింది మాట అని తెలుస్తోంది. తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య ఉండవలసిన మాట. ఇన్నేళ్లుగా బడిలో పాఠాలు చెబుతూ మేము చూసిన దాన్నిబట్టి, తల్లిదండ్రులు ఏం చేయవచ్చో, దాతలుగా మనం ఏం చేయవచ్చో ఇక్కడ రాస్తున్నాం.

నాలుగు మార్కులు

కొన్నేళ్ల క్రితం మా దగ్గర చదివిన ఒక అబ్బాయి పదో తరగతి లెక్కల్లో నాలుగు మార్కుల తేడాతో తప్పాడు. ఫలితాలు వచ్చిన రోజు ఇంట్లో చుట్టాలున్నారు. వారి ముందే తండ్రి, "నీ మీద పెట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా కష్టపడి, కొడుకైనా తనలా కాకూడదనుకున్నవాడు. ఆ బాధే ఆ మాటగా బయటికొచ్చింది.

మర్నాడు అబ్బాయి మామిడి కొట్టుకు వెళ్లాడు. మన నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు అప్పుడు కాయ కోతలు జోరుగా సాగే రోజులు. పెట్టెలు సర్దడం, లారీకి ఎత్తడం, ఏ పనైనా దొరుకుతుంది. సాయంత్రానికి చేతిలో కూలి పడింది. ఇంట్లో తిట్టేవారు లేరు, పైగా డబ్బు తెచ్చాడన్న మర్యాద దక్కింది. సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు కట్టే గడువు ఆ సందడిలోనే దాటిపోయింది.

ఇక్కడ మా తప్పు కూడా ఉంది. ఫలితాల వారంలోనే ఆ ఇంటికి వెళ్లవలసింది. సెలవులు గదా, బడి తెరిచాక చూద్దాం అనుకున్నాం. తెరిచాక వెళితే ఆ అబ్బాయి, "ఇంకెందుకు సార్, అబ్బాకి కూడా ఇదే బాగుంది" అన్నాడు. తండ్రి పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు. తరువాత వీధి మలుపు దాకా మాతో నడిచి వచ్చి, "వాడితో ఎలా మాట్లాడాలో నాకు తెలియలేదు సార్" అన్నాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాటే.

ఈ వయసులో ఏం జరుగుతుంది

పది నుంచి పంతొమ్మిది ఏళ్ల మధ్య కాలాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారం అంటుంది. ఆడపిల్లల్లో శరీర మార్పులు సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. పొడవు పెరుగుతారు, గొంతు మారుతుంది, కోపం, సిగ్గు, ఆకర్షణ అన్నీ ఒక్కసారిగా వస్తాయి. ముందు వెనుక ఆలోచించి నిర్ణయం తీసుకునే మెదడు భాగం మాత్రం ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా పక్వమవుతూనే ఉంటుంది. అంటే ఒళ్లు ముందు ఎదుగుతుంది, వివేకం వెనుక వస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఏళ్లలోనే పెద్దల తోడు ఎక్కువ కావాలి.

మన ప్రాంతంలో ఇది ఎవరికైనా సులువుగా అర్థమవుతుంది. వరిగడ్డిలో పెట్టిన రసం కాయ తన వేడితో తాను మాగడానికి కొన్ని రోజులు పడుతుంది. తొందరపడి కార్బైడ్ పెడితే పైన పసుపు రంగు వస్తుంది, కోస్తే లోపల పులుపు. కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడాన్ని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. పదహారేళ్లవాడు మీసం వచ్చి మనిషిలా కనిపించగానే సంపాదించమనడం, పదిహేడేళ్ల పిల్ల ఎదిగినట్టు కనిపించగానే సంబంధం చూడడం ఇలాంటి తొందరే. రంగు చూసి పండిందనుకుంటున్నాం.

తల్లిదండ్రులు చేయగలిగినవి

మొదటిది, మార్పులు రాకముందే చెప్పడం. రజస్వల కాకముందే తల్లి కూతురికి, గొంతు మారే వయసులో తండ్రి కొడుకుకు నాలుగు మాటలు చెప్పాలి. చెప్పకపోతే స్నేహితులో, ఫోనో చెబుతాయి, అదీ తప్పుగా. సిగ్గు పడవలసిన పని లేదు. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్త్రీల గుస్ల్ గురించి దైవప్రవక్త (స)ను సూటిగా అడిగారు, ఆయన సూటిగానే జవాబిచ్చారు. పిల్లలు బాలిగ్ అయ్యాక నమాజు, ఉపవాసం విధి అవుతాయి కాబట్టి గుస్ల్ నియమాలు ఎలాగూ నేర్పాలి. ఆ పాఠంతోనే మాట మొదలుపెట్టవచ్చు.

రెండవది, వినడం. హజ్రత్ యూసుఫ్ (అ) చిన్నతనంలో తనకొచ్చిన కలను ముందుగా తండ్రికి చెప్పుకున్న సంగతి దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. హజ్రత్ యాఖూబ్ (అ) నవ్వలేదు, కసరలేదు. విన్నారు, జాగ్రత్త చెప్పారు. మన పిల్లలు తమ కలను గానీ, భయాన్ని గానీ ముందుగా ఎవరికి చెబుతున్నారు? రోజుకు పావుగంట చాలు. ఇషా తరువాత భోజనం దగ్గర ఫోన్లన్నీ పక్కన పెట్టి, మార్కుల ఊసెత్తకుండా, ఈ రోజు ఏం జరిగిందని అడగండి. మొదటి వారం "ఏం లేదు" అనే అంటారు. అయినా మానకండి.

మూడవది, తప్పు చేసినప్పుడు నలుగురిలో అవమానించకపోవడం. ఒక యువకుడు దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చి వ్యభిచారానికి అనుమతి అడిగిన ఉదంతం ముస్నద్ అహ్మద్‌లో ఉంది. చుట్టూ ఉన్నవారు గద్దించారు. ప్రవక్త (స) మాత్రం అతన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, నీ తల్లి విషయంలో దీన్ని ఒప్పుకుంటావా, నీ కూతురి విషయంలో, నీ చెల్లెలి విషయంలో ఒప్పుకుంటావా అని ఒక్కొక్కటే అడిగారు. ప్రతిసారీ అతను కాదన్నాడు. చివరికి అతని మీద చేయి ఉంచి దుఆ చేశారు. అంతటి ప్రశ్నకే అంత ఓర్పు చూపినప్పుడు, నాలుగు మార్కులు తక్కువైన పిల్లవాడికి మనం ఎంత ఓర్పు చూపాలి?

నాలుగవది, గట్టిగా ఉండవలసిన చోట గట్టిగా ఉండడం. ప్రేమ అంటే అడిగిందల్లా ఇవ్వడం కాదు. రాత్రి పడుకునేటప్పుడు ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే చోట ఉండాలి, అమ్మానాన్నలవి కూడా. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. లైసెన్సు లేని పిల్లవాడికి బండి తాళం ఇవ్వకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. జరిమానా సంగతి సరే, పోయిన ప్రాణం తిరిగి రాదు.

అయిదవది, వారి జీవితం గురించి వారినే అడగడం. ఇంటర్ చదివే ఒక అమ్మాయికి సంబంధం వచ్చింది. తల్లి రాత్రిపూట మా ఇంటికి వచ్చి, "మీరైనా ఆయనకు చెప్పండి" అంది. మేము తండ్రి దగ్గరకు వెళ్లాం. పద్దెనిమిదేళ్లు నిండక పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరమని ఆయనకూ తెలుసు. అందుకే చట్టంతో మొదలుపెట్టలేదు. "అమ్మాయిని అడిగారా భాయ్?" అన్నాం. ఆయన అడగలేదు. మా ఎదుటే పిలిచి అడిగాడు. ఆ పిల్ల గుమ్మం పట్టుకుని, "చదువు అయ్యాక నేనే చెబుతాను అబ్బా" అంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి వెళ్లి అవతలి వారికి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీలో ఉంది.

తప్పిన పిల్లవాడికి దారులు

పదో తరగతి తప్పితే ఏడాది పోయినట్టే అని చాలా ఇళ్లలో అనుకుంటారు. ఆ వేసవిలోనే జరిగే సప్లిమెంటరీ పరీక్ష పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. అదీ తప్పితే ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా మళ్లీ రాయవచ్చు. పాసైన వారికి ఇంటర్ ఒక్కటే కాదు, ఐటీఐ ఉంది, పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌కు వెళ్లవచ్చు. మన ఊళ్లోనే 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతో అక్కడ సీటు తెచ్చుకుంటే ఆరేళ్లలో ఇంజనీరై బయటికి రావచ్చు. దాని గోడ పక్కనుంచే రోజూ వెళ్లే మన పిల్లల్లో ఎందరికి ఈ సంగతి ఇంట్లో చెప్పాం?

పిల్లవాడు తిండి మానినా, నిద్ర మానినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా నాటకమనుకోకండి. టెలీ మానస్ 14416కు చేయండి. అక్కడ మాట్లాడడానికి డబ్బు కట్టనక్కరలేదు. పిల్లల మీద వేధింపులు జరిగితే 1098కు, ఫోన్లో ఎవరైనా ఫొటోలతో బెదిరించి డబ్బు లాగితే 1930కు చెప్పండి. తప్పు పిల్లది కాదని ముందు పిల్లకు చెప్పండి.

దాతలకు మా విన్నపం

మీరిచ్చే జకాత్, సదఖా మా దగ్గర అమానత్. దానికి తోడు ఈసారి నాలుగు పనులు కోరుతున్నాం.

ఒకటి, పదో తరగతి ఫలితాలు వచ్చిన మూడు రోజుల్లోపు, తప్పిన ప్రతి పిల్లవాడి ఇంటికీ సొసైటీ తరఫున ఇద్దరు వెళ్లాలి. ఆడపిల్లల ఇళ్లకు ఒక సోదరి తప్పనిసరిగా ఉండాలి. సప్లిమెంటరీ ఫీజు సొసైటీ కట్టాలి. పరీక్ష దాకా ఉచితంగా పాఠాలు చెప్పే బాధ్యత మేమూ, మా తోటి ఉపాధ్యాయులూ తీసుకుంటాం.

రెండు, మీలో మామిడి కొట్లు, తోటలు, లారీలు ఉన్నవారు చాలామంది. పధ్నాలుగేళ్లలోపు పిల్లల చేత కూలిపని చేయించడాన్ని చట్టం నిషేధించింది. ఆపై వయసు పిల్లవాడు పని కోసం వచ్చినా, "బేటా, పదో తరగతి ఏమైంది?" అని ఒక్క మాట అడగండి. తప్పాడని తెలిస్తే మాకు కబురు పెట్టండి. ఆ ఇంట్లో పొయ్యి వెలగదనుకుంటే ఆ నెల రేషను సొసైటీ చూడాలి. ఇది చెప్పడం మాకు కొంచెం కష్టంగానే ఉంది. మేము పైన చెప్పిన అబ్బాయికి పని ఇచ్చింది కూడా మనలాంటి మంచివారే, జాలిపడి ఇచ్చారు.

మూడు, తల్లులకు విడిగా, తండ్రులకు విడిగా ఏడాదికి రెండు సభలు జరపాలి. పూత మొదలయ్యే రోజుల్లో ఒకటి, పరీక్షలు ముగిసి కోతలు అందుకునే ముందు ఒకటి. ఉపన్యాసాలు వద్దు. వారు మాట్లాడాలి, మనం వినాలి.

నాలుగు, సాయం పదో తరగతితో ఆగకూడదు. ఇంటర్ రెండో ఏడు, ఐటీఐ, పాలిటెక్నిక్ పూర్తయ్యేదాకా ఒకే పిల్లవాడి చేయి పట్టుకోవాలి. పదిమందికి ఒక్కో ఏడాది ఇచ్చి వదిలేయడం కంటే, ముగ్గురిని చివరిదాకా నిలబెట్టడం మేలని మా అనుభవం.

ఆ అబ్బాయి ఇప్పటికీ కాయల సీజన్‌లో లారీల దగ్గర కనిపిస్తాడు. కనిపించినప్పుడల్లా సలాం చేస్తాడు. పోయిన వేసవిలో తమ్ముడిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "వీడికి లెక్కలు రావు సార్, వీణ్ని మాత్రం వదలొద్దు" అన్నాడు. తమ్ముడు ఈ ఏడు పదో తరగతి. ఈసారి ఫలితాల రోజున ఆ ఇంటి గుమ్మంలో మేముంటాం. మీలో ఒకరు మాతో రండి.

అల్లాహ్ మన పిల్లలను మన కళ్లకు చలువగా చేయుగాక. వారి మాట వినే ఓర్పును మనకు ప్రసాదించుగాక. ఆమీన్.