రంగస్థలముపై సురభి నటీమణులు

ఉప్పల్, నాచారం పరిసరాల విద్యార్థులకు రామకృష్ణా స్టూడియో పేరు పరిచితమే. దానిని నెలకొల్పిన నందమూరి తారక రామారావుగారు విజయవాడలో కళాశాల విద్యార్థిగా ఒక నాటకంలో నాగమ్మ పాత్ర ధరించారు. మీసం తీయనని పట్టుబట్టి మీసాలతోనే వేశారు! కళాశాల నాటకంలో ఆడపిల్లకు చోటు దొరకని కాలమది.

అంతకు ఎంతో ముందే, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు ప్రారంభించిన సమాజం స్త్రీ పాత్రలను స్త్రీలకే అప్పగించింది. ఇదెట్లు సాధ్యమైనది? అక్కడ సమాజమంటే కుటుంబమే. తండ్రి రాజు, తల్లి రాణి, హార్మోనియం వద్ద అన్న, తెర లాగుటకు మేనమామ. కూతురిని పరాయివారి నడుమకు పంపుతున్నామన్న జంకు లేదు. పద్యం ఊయలలోనే చెవిన పడేది; తల్లి వేసిన పాత్ర కూతురికి సంక్రమించేది. కనుక ఆ యువనటి పలుకులో తల్లి గొంతు జ్ఞాపకం కూడ ఉండునని మేము భావిస్తాము.

బాలపాత్రలతో ఆరంభించిన సురభి కమలాబాయిగారు 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించి, తొలి తెలుగు టాకీ కథానాయిక అయినారు. ఆమెను సినిమా గుర్తుంచుకున్నది; రంగస్థలాన్నే నమ్ముకున్న ఆమె తోటి నటీమణుల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

మన వార్షికోత్సవ నాటకానికి, అది ఉర్దూ అయినా తెలుగు అయినా, విద్యార్థినులు పేర్లిచ్చినప్పుడు వారి తల్లిదండ్రులను సాధనకు కూడ ఆహ్వానించవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము.