మన రక్తములోని ఎర్ర కణములు: వాటి పుట్టుక, వాటి లెక్క



"ఒంట్లో రక్తము లేదు" అను మాట మన గ్రామములలో ప్రతి ఇంట వినబడుచున్నది. ఆసుపత్రికి పోయినచో వ్రేలిని పొడిచి, లేక చేతి నరమునుండి రక్తము తీసి, అంకెలతో ఒక చీటీ ఇత్తురు. అనేకులు దానిని చదువుకొనలేక మడిచి పెట్టెలో దాచుదురు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నది. కాబట్టి ఇది ఎవరో పరుల సంగతి కాదు. మన తల్లుల సంగతి, మన కుమార్తెల సంగతి. ఈ నెల పాఠములో ఎర్ర కణములు ఎట్లు పుట్టునో, ఆ చీటీలోని అంకెల భావమేమో తెలిసికొందము.

1. ఎర్ర కణము చేయు పని

ఎర్ర కణము నడుమ పలుచగాను, అంచున మందముగాను ఉండు చిన్న బిళ్ల వంటిది. దానినిండ హీమోగ్లోబిన్ అను పదార్థముండును. రక్తమునకు ఎరుపు రంగు నిచ్చునది ఇదియే. హీమోగ్లోబిన్‌లో ఇనుము గలదు. ఆ ఇనుమే ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పట్టుకొని, శరీరమంతటికి మోసికొనిపోవును. కణములు తగ్గినచో మోత తగ్గును. అందుచేతనే రక్తము తక్కువైనవారికి నాలుగడుగులు వేయగానే ఆయాసము, గుండెదడ, కండ్లు తిరుగుట కలుగును. వారు సోమరులు కారు.

2. అది పుట్టు చోటు

గర్భములోని శిశువునకు కొంతకాలము కాలేయములో రక్తకణములు తయారగును. పుట్టిన తరువాత ఆ పని ఎముకల మూలుగకు చేరును. పెద్దవారిలో వెన్నెముక, రొమ్ము ఎముక, ప్రక్కటెముకలు, తుంటి ఎముక ఇందుకు ముఖ్య స్థానములు. ఎర్ర కణములు మూలుగలో పుట్టునని 1868లో ఎర్నెస్ట్ నాయ్‌మన్ అను జర్మను వైద్యుడు తెలియజేసెను.

మూలుగలోని మూలకణము ఒకటి పలుమారులు చీలి అనేక కణములగును. అవి క్రమముగా హీమోగ్లోబిన్‌తో నిండి, చిన్నవై, చివరకు తమ నడిమి కేంద్రమును బయటకు త్రోసివేయును. అట్లు తయారైన లేతకణము రక్తములో ప్రవేశించి ఒకటి రెండు దినములలో ముదిరిన ఎర్ర కణమగును. దీనిని నడిపించునవి మూత్రపిండములు. ప్రాణవాయువు తగ్గినదని అవి గుర్తించి, ఎరిత్రోపోయిటిన్ అను రసమును పంపి మూలుగను తొందరపెట్టును. కావుననే మూత్రపిండములు చెడినవారికి రక్తము తగ్గును.

ఆరోగ్యవంతుని మూలుగ సెకనుకు సుమారు 20 లక్షల కణములను చేయును. ఒక్కొక్క కణము సుమారు 120 దినములు బ్రదుకును. పాతబడిన వాటిని ప్లీహము, కాలేయము విప్పివేయును. పాత ఇల్లు విప్పినవారు మంచి దూలములను క్రొత్త ఇంటికి వాడుకొనునట్లు, శరీరము ఆ ఇనుమును తిరిగి మూలుగకు పంపును. దినమునకు కావలసిన ఇనుములో ఎక్కువ పాలు ఇట్లే దొరకును. ఆహారమునుండి చేరవలసినది ఒకటి రెండు మిల్లీగ్రాములే. అయితే రక్తము బయటకు పోయినప్పుడు ఇనుమును దానితో పోవును. ఈ సంగతి గుర్తుంచుకొనుడి.

3. ఇనుము ఒక్కటే చాలదు

కణము చీలుటకు ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను కూడ కావలెను. అవి లేనిచో కణములు సరిగా చీలక, పెద్దవై, సంఖ్యలో తక్కువగును. 1928 తరువాత లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో నేత మిల్లులలో పనిచేయు గర్భిణీలకు ఇట్టి వ్యాధిని చూచి, ఈస్టు సారముతో నయము చేసెను. అందులో దాగియున్నది ఫోలిక్ ఆమ్లమే. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరములో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు గర్భిణీలకిచ్చు మాత్రలో ఇనుముతోపాటు ఇది యున్నది.

4. చీటీలోని అంకెలు

మొదటిది హీమోగ్లోబిన్. పురుషులకు 13 గ్రాములకు, స్త్రీలకు 12 గ్రాములకు తక్కువయైనచో రక్తహీనత యందురు. గర్భిణీకి మొదటి మూడు నెలలలోను చివరి మూడు నెలలలోను 11, నడుమ 10.5 హద్దు. గర్భములో రక్తపు నీరు కణములకంటె ఎక్కువగా పెరుగుటచేత ఈ హద్దు కొంత దిగును.

రెండవది ఎర్ర కణముల సంఖ్య. ఒక ఘన మిల్లీమీటరు రక్తములో పురుషులకు సుమారు 45 మొదలు 59 లక్షలు, స్త్రీలకు 40 మొదలు 52 లక్షలు ఉండును. పరీక్షశాలనుబట్టి కొంచెము తేడా యుండవచ్చును.

మూడవది కణము పరిమాణము. చీటీలో ఎం.సి.వి. అని వ్రాసియుండును. 80 మొదలు 100 వరకు సరియైనది. తక్కువయైనచో ఇనుము లోపమో, తలసీమియాయో కావచ్చును. ఎక్కువయైనచో ఫోలిక్ ఆమ్లమో, బి12యో కొరతగా ఉండవచ్చును.

నాలుగవది లేతకణముల శాతము. ఇది మూలుగ ఎంత చురుకుగా పనిచేయుచున్నదో తెలుపును.

ఒక్క అంకెను చూచి తీర్పు చెప్పరాదు. తలసీమియా లక్షణము గలవారికి కణముల సంఖ్య ఎక్కువగానే యుండవచ్చును, గాని అవి మిక్కిలి చిన్నవి. వాంతులు, విరేచనములచే నీరు పోయినవారికి సంఖ్య ఎక్కువగా కనబడును. చాలకాలము పొగ త్రాగువారికిని సంఖ్య పెరుగవచ్చును. అది బలము కాదు. రక్తము చిక్కబడి గడ్డకట్టు అపాయమున్నది.

5. కారణమును వెదకవలెను

కుండ కారుచుండగా ఎంత నీరు పోసినను నిండదు. నెలసరిలో అధిక స్రావము, మొలలు, కడుపులో పుండు, చెప్పులులేక నడచువారి పాదముల గుండ ప్రవేశించు కొంకిపురుగులు రక్తమును హరించును. పురుషునికిగాని ముట్లుడిగిన స్త్రీకిగాని ఇనుము లోపించినయెడల, రక్తము ఎక్కడ పోవుచున్నదో వైద్యుడు తప్పక వెదకవలెను. మన్యపు ప్రాంతములలో కొడవలికణ వ్యాధియు గలదు. ఆ కణములు 10 మొదలు 20 దినములే బ్రదుకును. అట్టివారు వైద్యుని అడుగక ఇనుపమాత్రలు మ్రింగరాదు.

6. మనము చేయదగినది

గర్భిణీలు నాలుగవ నెల మొదలు దినమునకొక మాత్ర చొప్పున 180 దినములు, ప్రసవించిన తరువాత మరి 180 దినములు వేసికొనవలెనని ప్రభుత్వ నియమము. మలము నల్లగా వచ్చుట చూచి అనేకులు మానివేయుచున్నారు. అది మాత్రలోని ఇనుము రంగే, భయము లేదు. మాత్రతో నిమ్మరసము మంచిది. టీ, కాఫీ వెంటనే త్రాగరాదు. తోటకూర, మునగాకు, రాగులు, పప్పులు, మాంసము, చేపలు, గ్రుడ్లు తినవలెను. ఎర్రగా నున్నదంతయు రక్తమగునని తలంచరాదు. సాధారణముగా నెల దినములలో హీమోగ్లోబిన్ పెరుగును. అయినను నిలువ నిండుటకు మరి మూడు నెలలు వాడవలెను.

ముఖ్యముగా, ఇంటిల్లిపాది తినిన తరువాత మిగిలినది తిను స్త్రీకి మాత్రలొక్కటే చాలవు. ఆమె పళ్ళెములో పప్పు, కూర మొదటనే వేయుట ఇంటి యజమాని బాధ్యత. ప్రసవములో రక్తస్రావమైనప్పుడు ముందే రక్తము తక్కువైన తల్లికి ప్రాణాపాయము ఎక్కువ. పెట్టెలోని చీటీని నేడే తీసి చూడుడి.

ప్రశ్నలు

1. రక్తము పోయినప్పుడు ఇనుము ఎందుకు తగ్గును?
2. కణములు చిన్నవైనప్పుడును, పెద్దవైనప్పుడును కారణము లేమి?
3. మన ఇంటిలో చివరకు తినువారు ఎవరు?