ఇంటికి వచ్చిన వైద్యం: ఊపిరితిత్తుల కేన్సరు మాత్రల వాడుకలో మెలకువలు

ఒకప్పుడు కేన్సరు చికిత్స అనగానే ఆసుపత్రి మంచం, నరానికి ఎక్కించే మందు, పక్కన నిలిచిన నర్సు కన్నుల ముందు మెదిలేవి. నేడు ఊపిరితిత్తుల కేన్సరు గలవారిలో కొందరికి ఆ చికిత్స భోజనాల బల్ల మీదికే వచ్చింది. రక్తపోటు మాత్రల పక్కన అది మరొక చిన్న సీసా. రోగికి ఇది గొప్ప ఊరట. అయితే ఆసుపత్రిలో మోతాదును సరిచూసేవారు, ఇతర మందులతో పొంతన కుదురుతుందో లేదో పరిశీలించేవారు, రోగి ముఖం చూసి మార్పును పసిగట్టేవారు వేరువేరుగా ఉంటారు. ఇంటిలో ఆ బాధ్యతలన్నీ రోగి మీద, కుటుంబం మీద పడతాయి. మందుతో పాటు ఆసుపత్రిలోని అప్రమత్తత కూడా ఇంటికి రావాలి. అది రాకపోతే మంచి మందు కూడా వృథా కావచ్చు, హాని కూడా చేయవచ్చు.

గురి చూసి పనిచేసే మందు

శరీరకణాల ఉపరితలం మీద బయటి సంకేతాలను అందుకునే గ్రాహకాలు ఉంటాయి. ఈజీఎఫ్ఆర్ అనేది వాటిలో ఒకటి. వృద్ధికారక పదార్థం వచ్చి తాకినప్పుడే అది కణానికి విభజన చెందమని ఆజ్ఞ పంపుతుంది. నొక్కితేనే మోగవలసిన గుమ్మపు గంట వంటిది ఇది. కొందరి ఊపిరితిత్తులలో ఈ గ్రాహకాన్ని నిర్మించే జన్యువు మార్పు చెందుతుంది. అప్పుడు ఎవరూ నొక్కకుండానే గంట నిరంతరం మోగుతుంది. కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. గ్రాహకపు లోపలి భాగంలో శక్తిని అందుకునే చిన్న గూడు ఒకటి ఉంటుంది. మాత్రలోని అణువు ఆ గూటిని ఆక్రమించి మోతను ఆపుతుంది.

ఈ కోవకు చెందిన గెఫిటినిబ్‌కు అమెరికాలో 2003లో అనుమతి లభించింది. అది కొందరిలోనే అంత బాగా పనిచేయడానికి ఈ జన్యుమార్పే కారణమని బోస్టన్ పరిశోధకులు 2004లో వెల్లడించారు. ఆ ఏడాదే ఎర్లోటినిబ్, 2015లో ఓసిమెర్టినిబ్ వాడుకలోకి వచ్చాయి. ముదిరిన వ్యాధి గలవారిపై జరిపి 2018లో ప్రచురించిన అంతర్జాతీయ పరీక్షలో, వ్యాధి పెరగకుండా నిలిచిన కాలపు మధ్యగత విలువ పాత మాత్రలతో 10.2 నెలలు, ఓసిమెర్టినిబ్‌తో 18.9 నెలలు.

ఈ జన్యుమార్పు పొగ త్రాగని వారిలోను, స్త్రీలలోను ఎక్కువ. ఐరోపా సంతతి వారికంటె భారతీయులలో ఎక్కువగా కనిపిస్తుంది. కణితి ముక్కనో, రక్తాన్నో పరీక్షించి మార్పు ఉన్నదని తేలిన తరువాతనే మందు నిర్ణయిస్తారు. ఏఎల్‌కే అనే మరొక జన్యువు మారిన వారికి అలెక్టినిబ్ వంటి వేరే మందులున్నాయి. కనుక జబ్బు పేరు ఒకటే కదా అని ఒకరి మాత్రలు మరొకరికి ఇవ్వడం నిష్ప్రయోజనమే కాదు, ప్రమాదకరం కూడా.

వేళ, మోతాదు, ఆహారం

ఓసిమెర్టినిబ్, గెఫిటినిబ్ రోజుకొకసారి, భోజనంతో నిమిత్తం లేకుండా వేసుకోవచ్చు. ఎర్లోటినిబ్ మాత్రం ఖాళీ కడుపున, అంటే భోజనానికి కనీసం గంట ముందు గాని, రెండు గంటల తరువాత గాని వేసుకోవాలి. అలెక్టినిబ్ ఇందుకు పూర్తిగా విరుద్ధం. రోజుకు రెండుసార్లు ఆహారంతోనే తీసుకోవాలి. ఏకాదశి ఉపవాసం నాడు ఉత్త కడుపుతో వేసుకుంటే ఆ మందు సరిగా ఒంటబట్టదు. నోములు, ఉపవాసాలు పాటించే పెద్దలు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పడం మంచిది.

శరీరంలో చేరిన ఓసిమెర్టినిబ్‌లో సగం తొలగిపోవడానికి సుమారు 48 గంటలు పడుతుంది. కనుక ఒకపూట మాత్ర మరచినంత మాత్రాన ఉపద్రవమేమీ రాదు. మరచిపోయిన దానికి పరిహారంగా రెండు మాత్రలు కలిపి మాత్రం ఎన్నడూ వేసుకోరాదు. ఓసిమెర్టినిబ్ విషయంలో అమెరికాలోని సూచన ప్రకారం మరచిన దానిని వదలి, మరునాడు యథావేళకు వేసుకోవాలి. గెఫిటినిబ్ అయితే తరువాతి మాత్రకు 12 గంటలలోపు వ్యవధి మాత్రమే ఉన్నప్పుడు వదలివేయాలి. మాత్ర వేసుకున్నాక వాంతి అయినా, వైద్యుని అడగకుండా మరొకటి వేసుకోరాదు.

ఖరీదుకు వెరచి రోజు విడిచి రోజు వాడటం, కాస్త నిమ్మళించిందని వారాల తరబడి మానివేయడం వేరు. అప్పుడు రక్తంలో మందు పలుచబడి వ్యాధి మళ్లీ తలయెత్తుతుంది. ఖర్చు భరించలేకపోతే ఆ మాట వైద్యునితో చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. కంపెనీల సహాయ పథకాలు, చవుకగా లభించే జెనెరిక్ మందులు ఉన్నవేమో ఆసుపత్రివారు చూడగలరు.

మందుకు మందు విరుద్ధం

మన ఇండ్లలో 'గ్యాస్ మాత్ర'ను ఎవరూ మందుగా లెక్కించరు. కాని కడుపులో ఆమ్లం తగ్గితే ఎర్లోటినిబ్, గెఫిటినిబ్ సరిగా కరగవు. ఒమెప్రజోల్‌తో కలిపి వాడితే రక్తంలోకి చేరే ఎర్లోటినిబ్ సుమారు సగానికి పడిపోతుంది. ఓసిమెర్టినిబ్‌కు ఈ చిక్కు లేదు.

క్షయవ్యాధికి వాడే రిఫాంపిసిన్ ఇంతకంటె బలమైన విరోధి. అది కాలేయాన్ని ప్రేరేపించి ఈ మందులను త్వరగా విచ్ఛిన్నం చేయిస్తుంది. గెఫిటినిబ్, ఓసిమెర్టినిబ్ రెండింటి పరిమాణమూ నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గిపోతుంది. క్షయ విస్తారంగా ఉన్న మన దేశానికి రోగి వెళ్లినప్పుడు, దగ్గు, జ్వరం చూసి ఎవరైనా ఆ మందు మొదలుపెట్టే అవకాశం లేకపోలేదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా ఇదే కోవలోనివి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ తోడైతే రక్తస్రావ భయం పెరుగుతుంది. రక్తపరీక్షలు తరచు చేయించాలి. సిగరెట్టు పొగ సైతం ఎర్లోటినిబ్‌ను పలుచన చేస్తుంది.

గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ వాడేవారు గ్రేప్‌ఫ్రూట్ తినరాదని సూచనలలో ఉంటుంది. అది చదివి ద్రాక్షపళ్లు మానివేయనక్కరలేదు. గ్రేప్‌ఫ్రూట్ మన పంపరపనసకు సంతానం వంటిది. పంపరపనసకు, కమలాపండు జాతికి కలిగిన సంకరం. మందును విచ్ఛిన్నం చేసే ఎంజైమును అణచి, రక్తంలో మందును మితిమీరి పెంచే గుణం రెండింటిలోను ఉన్నది. కనుక పంపరపనసను కూడా దూరంగా ఉంచడం మేలు.

ఊరినుండి వచ్చే పసర్లు, చూర్ణాలు, లేహ్యాలు ప్రేమతో పంపినవే. వాటికీ ఈ మాత్రలకూ పొత్తు ఎటువంటిదో పరీక్షించినవారు అరుదు. కూరలోని పసుపు వేరు, గుళికలో దట్టించిన పసుపు సారం వేరు. పసుపు గుళికల వల్ల, అశ్వగంధ వల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్యగ్రంథాలకెక్కాయి. కాలేయాన్ని బాధించగల మాత్రలు వాడేవారికి అటువంటి తోడు తగదు.

ఓర్చుకోదగినవి, ఓర్చుకోరానివి

ఈ మాత్రలు వాడేవారిలో చాలామందికి మొటిమల వంటి పొక్కులు, చర్మం పొడిబారడం, విరేచనాలు, నోటిపూత, గోరుచుట్టు వస్తాయి. సువాసన లేని లేపనం, ఎండనుండి రక్షణ, బిగువు లేని పాదరక్షలు ఉపకరిస్తాయి. విరేచనాలైతే ఉప్పు, చక్కెర కలిపిన నీరు, గంజి తీసుకుంటూ వైద్యుడు ముందే సూచించిన మందు వాడాలి. బాధ హెచ్చయితే వైద్యుడు కొద్దిరోజులు మాత్ర ఆపవచ్చు, మోతాదు తగ్గించవచ్చు. ఆ నిర్ణయం ఆయనది.

ఓర్చుకోరానివి వేరే ఉన్నాయి. కొత్తగా వచ్చిన ఆయాసం, హెచ్చే పొడిదగ్గు, జ్వరం ఊపిరితిత్తుల వాపుకు గుర్తు కావచ్చు. ఇది ఓసిమెర్టినిబ్ వాడేవారిలో నూటికి సుమారు ముగ్గురు నలుగురికి వస్తుంది, ప్రాణాంతకం కాగలదు. జలుబే కదా అని కషాయం కాచి కూర్చోరాదు. తరువాతి మాత్ర వేసుకోకముందే వైద్యునికి తెలపాలి. ఆయాసం తీవ్రమైతే అత్యవసర విభాగానికి వెళ్లాలి. స్పృహ తప్పడం, గుండె దడ, కాళ్ల వాపు, కళ్లు ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం, కళ్లు పచ్చబడటం కూడా ఆ రోజే చెప్పవలసిన లక్షణాలు.

ఇంట్లో, ప్రయాణంలో

మాత్రలను నూరరాదు, నమలరాదు. మింగలేనివారు ఓసిమెర్టినిబ్‌ను సుమారు 60 మిల్లీలీటర్ల మామూలు నీటిలో విడివడనిచ్చి త్రాగి, గ్లాసును మరికొన్ని నీళ్లతో కడిగి ఆ నీటిని కూడా త్రాగాలి. సోడా, పళ్లరసం పనికిరావు. సీసా పిల్లలకు అందరాదు. గర్భవతులు విరిగిన మాత్రలను ముట్టుకోరాదు. విమానప్రయాణంలో మందును, మందుచీటీని చేతిసంచిలోనే ఉంచుకోవాలి. మారిన గడియారానికి మాత్రవేళను ఎలా కుదుర్చుకోవాలో ముందే అడిగి తెలుసుకోవాలి.

దాచరాని మాట

మన కుటుంబాలలో పెద్దవారికి ఈ వ్యాధి వస్తే పేరు చెప్పకుండా దాచడం పరిపాటి. సెలైను సీసాలో ఎక్కించే మందును దాచడం కష్టం. మాత్రను 'బలానికి' అని చెప్పి ఇవ్వడం సులభం. అపాయమంతా ఆ సులభత్వంలోనే ఉన్నది. తాను వేసుకునేది ఏమిటో తెలియని తల్లి, ఆయాసం వచ్చినప్పుడు దానిని వయసు మీదికి నెట్టి ఊరుకుంటుంది. ఊళ్లో మరొక వైద్యుడు ఏ మందులు వాడుతున్నారని అడిగితే విటమిన్ల పేరు చెబుతుంది. ఆయన రిఫాంపిసిన్ రాసినా ఆమెకు అనుమానం కలగదు. పిల్లలను కంగారు పెట్టకూడదని పెద్దలు బాధను దాచడం ఇందుకు మరొక ముఖం. పొగ త్రాగనివారికి కూడా వచ్చే ఈ జబ్బులో సిగ్గుపడవలసినది ఏదీ లేదు.

మృదువుగా, వారి మనసెరిగి చెప్పవచ్చు; చెప్పడం మాత్రం అవసరం. మందు పేరు, మోతాదు, వేళ, ఇతర మందులు, వెంటనే చెప్పవలసిన లక్షణాలు, వైద్యుని టెలిఫోను సంఖ్య ఒక కాగితం మీద తెలుగులోను, ఇంగ్లీషులోను రాసి ఒక ప్రతి వంటింటి గోడకు, ఒక ప్రతి రోగి చేతిసంచిలో ఉంచాలి. ఈ వ్యాసంలోని విషయాలు వైద్యుని సలహాకు ప్రత్యామ్నాయం కావు. ఆయనను ఏమి అడగాలో, ఆయనకు ఏమి చెప్పాలో తెలుసుకోవడానికి మాత్రమే ఇవి ఉపకరిస్తాయి.